చింతపిక్కల బోరుబావి

"ఏం చదువుతున్నావు పాపా?" అని అడిగిన వాళ్ళకి "ఆటలు తయారు చేయడం" అని జవాబు చెప్తే నాకు రెండు రకాల ముఖాలు కనిపిస్తాయి. బొమ్మల షాపు గుర్తొచ్చి నవ్వే ముఖం ఒకటి. సెల్‌ఫోన్‌లో రమ్మీ ఆడి ఇల్లు గుల్ల చేసుకున్న ఏ తమ్ముడో, ఏ మరిదో గుర్తొచ్చి భయపడే ముఖం ఇంకోటి.

రెండో రకం వాళ్ళని తప్పు పట్టలేను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా డబ్బు ఆటలకు వ్యతిరేకంగా చట్టం చేసింది. అంతదాకా వచ్చిందంటే ఎన్ని కొంపలు మునిగి ఉండాలి! ఆ ఆటల్ని తయారు చేసింది కూడా డిజైనర్లే మరి. మనిషిని కూర్చున్న చోటి నుంచి లేవనివ్వకుండా ఎలా పట్టి ఉంచాలో బాగా తెలిసినవాళ్ళు. ఆ తెలివినే ఇంకో పనికి ఎందుకు వాడకూడదన్నదే నా చదువు.

మాది ధర్మవరం వైపు ఓ పల్లె. 2022లో జిల్లాలు విడగొట్టాక మేము శ్రీ సత్యసాయి జిల్లా కిందికి వచ్చాం కానీ, ఊరేదని అడిగితే నా నోటికి ఇప్పటికీ అనంతపురమే వస్తుంది. డిగ్రీ అయ్యాక బెంగళూరులో ఓ డిజైన్ కాలేజీలో చేరాను. కోర్సు పేరు గేమ్ డిజైన్. మా జేజి మాత్రం ఇప్పటికీ "మనవరాలు టైలరింగ్ నేర్చుకుంటాంది" అనే చెప్తుంది. డిజైను అంటే జాకెట్టు డిజైనే కదా మనకి!

నియమం ముందు, బొమ్మ తర్వాత

ఆట తయారు చేయడమంటే బొమ్మలు గీయడమే అనుకుంటారు చాలామంది. బొమ్మల సంగతి తర్వాత. ముందు నియమం రాయాలి. ఆడేవాళ్ళ ముందు ఎన్ని దారులుండాలి, ఏ దారిలో పోతే ఏం జరగాలి, జరిగేది వాళ్ళకి ఎప్పుడు తెలియాలి. ఈ మూడూ కుదిరితే అరుగు మీద బొగ్గుతో గీసినా ఆట ఆటే.

మన ఇళ్ళలోని ఆటలే చూడండి. వైకుంఠపాళిలో మన తెలివికి పనే లేదు. పందెం ఎంత పడితే అంత నడుస్తాం. 106వ గడి దాకా ఆశగా ఎక్కి, అరుకాషుడి నోట్లో పడి మళ్ళీ మొదటికి జారడమే. పులిమేక అలా కాదు. 3 పులులు, 15 మేకలు, ఎక్కడ ఏది కదపాలో అంతా ఆడేవాళ్ళ చేతిలోనే ఉంటుంది. మేకలన్నీ ఒకదాన్ని ఒకటి కాచుకుంటే పులి కదలలేదు, ఒక్క మేక ఒంటరిగా ముందుకొస్తే చాలు, దూకేస్తుంది. ఇక వామనగుంటలు. 14 గుంటల్లో గింజలు పంచుకుంటూ పోతే చేతిలో గింజ ఎక్కడ అయిపోతుందో ముందే లెక్క కట్టగలిగిన ఆడవాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. అదే ఇంట్లో ఆవిణ్ణి పట్టుకుని "నీకేం తెలుస్తాది లెక్కాచారం" అంటారు!

కాలేజీలో మాకు మొదట్లోనే చెప్పిన కథ ఒకటుంది. అమెరికాలో ఎలిజబెత్ మాగీ అనే ఆవిడ 1904లో ఒక ఆటకు పేటెంటు తీసుకుంది. పేరు 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్'. ఊళ్ళో భూమంతా కొందరి చేతిలో చిక్కితే మిగతావాళ్ళు అద్దెలు కట్టీ కట్టీ ఎలా చితికిపోతారో కళ్ళకు కట్టడానికి చేసిన ఆట అది. చేతులు మారి, రూపం మారి, 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ చేతిలో అది 'మోనోపలీ' అయ్యింది. కనిపెట్టిన ఘనత ఇంకో మగాయన పేరు మీద చెలామణీ అయింది. ఆవిడ పేటెంటుకు ముట్టింది 500 డాలర్లు. వేసవి సెలవుల్లో మన పిల్లలు 'బిజినెస్' అని ఆడే ఆట దాని సంతానమే. పేదరికం ఎలా పుడుతుందో చూపడానికి ఒక స్త్రీ చేసిన ఆట, పక్కవాణ్ణి దివాలా తీయిస్తే గెలుపు అని నేర్పే ఆటగా మిగిలింది. నాకైతే ఈ కథ విన్న రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

అమ్మాయిల్ని ఈ చదువుకి పంపాలా వద్దా అని ఆలోచించే తల్లుల కోసం రెండు మాటలు. డిజైన్ చదవడానికి ఇంటర్‌లో ఎంపీసీనే ఉండాలన్న నియమం లేదు. ఐఐటీల్లో డిజైన్ డిగ్రీకి యూసీడ్, పీజీకి సీడ్ అనే పరీక్షలున్నాయి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి డ్యాట్ అని వేరే పరీక్ష. దాని బెంగళూరు కేంద్రంలో డిజిటల్ గేమ్ డిజైన్ పీజీ కోర్సు ఉంది. హైదరాబాద్ ఐఐటీలో డిజైన్ విభాగం ఉంది. మన రాష్ట్రానికంటూ ఒక ఎన్ఐడీ 2015లో మొదలైంది. చదివాక అందరూ ఆటలే చేయనక్కర్లేదు. ఫోన్ యాప్‌లు, మ్యూజియాలు, పాఠశాల పాఠాలు, సినిమా గ్రాఫిక్స్, ఇలా ఎటైనా పోవచ్చు. ఫీజులు మాత్రం తక్కువేం కాదు, ముందే కనుక్కోవాలి.

కేతిగాడి నోరు

నా మొదటి ప్రాజెక్టు కోసం నిమ్మలకుంటకు వెళ్ళాను. ధర్మవరం మండలంలోని ఈ ఊరు తోలుబొమ్మలకు పేరు. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడక్కడ బొమ్మలాట ఆడే రాత్రులకన్నా, అదే తోలుతో దీపాల గుడ్డలు, గోడ బొమ్మలు చేసి అమ్ముకునే పగళ్ళే ఎక్కువ.

తోలును శుభ్రం చేసి, వెలుతురు దూరేంత పలచగా చేసి, బొమ్మ గీసి, ఉలితో చిల్లులు కొడతారు. నగల దగ్గర ఆ చిల్లులే మెరుపు. కాళ్ళూ చేతులూ విడిగా చేసి దారంతో ముడేస్తారు. తెర వెనక దీపం పెట్టి ఆడిస్తే మనిషంత రాముడు, మనిషంత రావణుడు. ఆడపాత్రల గొంతు ఇంటి ఆడవాళ్ళదే. సీత పాటా వాళ్ళే పాడాలి, బంగారక్క తిట్లూ వాళ్ళే తిట్టాలి.

'ఇంటరాక్టివ్ మీడియా' అని మా కాలేజీలో పెద్ద పేరు పెట్టి చెప్పే సంగతి నాకు అక్కడే సరిగ్గా అర్థమయింది. చూసేవాళ్ళు ఏం చేస్తారో దాన్ని బట్టి ఆట మారాలి. కేతిగాడు చేసేది అదే కదా! రామాయణం మధ్యలో దూరి, ముందు వరసలో కునుకుతున్న ఊరిపెద్దని పేరు పెట్టి పిలుస్తాడు. ఎవరింట్లో పెళ్ళి ఆగిందో, ఎవరి బావి ఎండిందో తెలుసుకుని వస్తాడు. జనం ఏదో అరుస్తారు, దానికి జవాబిస్తాడు.

కళాకారుల అనుమతితో కొన్ని బొమ్మల్ని స్కాన్ చేసి, ఒక కెమెరా, ఒక ప్రొజెక్టరు పెట్టి చిన్న తెర తయారు చేశాను. పిల్లలు చెయ్యెత్తితే తెర మీద కేతిగాడు చెయ్యెత్తుతాడు, వంగితే వంగుతాడు. 2020లో పుణె కుర్రాళ్ళు చేసిన 'రాజీ' అనే వీడియో గేమ్‌లో కూడా మధ్యమధ్య కథను తోలుబొమ్మల నీడలతోనే చెప్పించారు. అందులో నాయిక ఒక సర్కస్ పిల్ల. ప్రపంచమంతా చూసిన ఆట అది. నా తెర ఒక్క బడిలోనే ఆడింది కానీ పిల్లలు గంటసేపు కదల్లేదు. అయితే కంప్యూటరుకు కేతిగాడి చేతులొచ్చాయి గానీ నోరు రాలేదు. ఊరి సంగతి తెలియనిదే వాడికి మాటలెక్కడివి? అందుకని తెర వెనక మైకు పట్టుకుని నేనే కూర్చున్నాను.

"మీ బోరులో నీళ్ళుండాయా?" అని కేతిగాడి గొంతుతో అడిగాను ఒకసారి. ఇరవై గొంతులు ఒక్కసారిగా "లేవు!" అన్నాయి, అదేదో పెద్ద జోకైనట్టు నవ్వుతూ. రెండో ప్రాజెక్టు అక్కడ పుట్టింది.

కనిపించని చెరువు

మా జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల దగ్గర. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్యం కోస్తాలో కురిసి కురిసి మాదాకా వచ్చేసరికి అలిసిపోతుంది. ఆ మిగిలిన దాన్ని నమ్ముకునే లక్షల ఎకరాల్లో చెనక్కాయ వేశారు మా పెద్దవాళ్ళు. వాన సంగతి వైకుంఠపాళి. ఎవరు ఏం చేసినా పందెం పడినట్టే పడుతుంది.

బోరు మాత్రం పులిమేక. మా కింద ఉన్నది గట్టి రాయి. నీళ్ళు పైపైన మెత్తబడిన పొరలోనూ, రాతి నెర్రెల్లోనూ మాత్రమే నిలుస్తాయి. నా చేనులో 300 అడుగులకు పడిన నీళ్ళూ, పక్క చేనులో 400 అడుగులకు పడిన నీళ్ళూ ఒకే నెర్రెలోవి కావచ్చు. ఆయన లోతుగా వేస్తే నాది ఎండుతుంది. నేను ఇంకా లోతుకు పోతాను. అలా పోటీలు పడి చాలా ఊళ్ళలో వెయ్యి అడుగులు దాటేశారు. బోర్లను అదుపు చేయడానికి 2002లో వాల్టా చట్టం వచ్చింది. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. చట్టం వద్దంటుంది, మోటారు రమ్మంటుంది. ఏది గెలిచిందో చెప్పాలా?

మా ఇంట్లో మూడు బోర్లు వేశారు. చోటు చూపించిన ఆయన అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి చూపించాడు. మూడోది తడి కూడా చూపలేదు. అప్పటికి అమ్మ మెడలో పసుపుతాడు మిగిలింది. వీటిలో ఏ బోరు వేసే ముందూ అమ్మని ఎవరూ అడగలేదు. అప్పు మాత్రం పొదుపు సంఘంలో అమ్మ పేరు మీదే తెచ్చారు. ఇది మా ఇంటి ప్రత్యేకత అనుకోకండి. మా వైపు ఏ సంఘంలో అడిగినా ఇదే కథ వినిపిస్తుంది.

ఈ నీళ్ళ లెక్కను ఆటగా ఆడించిన వాళ్ళు నాకు ముందే ఉన్నారు. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థతో కలిసి అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థకు చెందిన రూత్ మైన్‌జెన్-డిక్, అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు మార్కో జాన్సెన్, వాళ్ళ బృందం మన రాష్ట్రంలోని ఇలాంటి రాతినేల పల్లెల్లోనే వరసగా రెండేళ్ళు ఆడించారు. తక్కువ నీళ్ళు తాగి తక్కువ డబ్బిచ్చే పైరు ఒకటి, ఎక్కువ తాగి ఎక్కువిచ్చేది ఒకటి. ప్రతి ఆటగాడూ ఒకటి ఎంచుకోవాలి. అందరి బావీ ఒకటే. 2016లోనూ 2018లోనూ అచ్చయిన వాళ్ళ వ్యాసాలు నాకు పాఠ్యపుస్తకాలయ్యాయి. ఆట గెలిచినదాన్ని బట్టి డబ్బులిచ్చినా, ఇవ్వకపోయినా ఎంపికలో తేడా రాలేదట. ఆడేటప్పుడు మాట్లాడుకోనిస్తే మొదటి ఏడు పెద్దగా ఫలితం లేదు, రెండో ఏడు కనిపించింది. ఆట ఆడిన ఊళ్ళలో నీళ్ళ రిజిస్టర్లు రాసుకోవడం, వాడకానికి కట్టుబాట్లు పెట్టుకోవడం మిగతా ఊళ్ళకన్నా బాగా పెరిగింది. ఆట ఒక్కటే భూగర్భ జలాలను కాపాడుతుందని మాత్రం వాళ్ళు చెప్పలేదు. నిజాయితీగా రాశారు.

నా కన్ను ఆగింది ఇంకో వాక్యం దగ్గర. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఆడిన తీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు! లెక్క ముందు పెట్టి, ఎంచుకునే హక్కు చేతిలో పెడితే ఇద్దరూ ఒకేలా ఆలోచించారన్నమాట. మరి ఇంట్లో ఒకరినే ఎందుకు అడుగుతున్నారు?

గాజు ఎలా వచ్చింది

నా ఆటకు సామాను తక్కువ. ఒక పలక మీద పైనుంచి కిందికి 10 గుంటలు, గుంటకు 5 చింతపిక్కలు. మొత్తం 50. అదే బోరు. పైగుంట నుంచి ఖాళీ అవుతూ వస్తుంది కాబట్టి నీరు ఎంత లోతుకు పోయిందో కంటికి కనిపిస్తుంది. ఐదుగురు ఆడతారు. ఏడాదికోసారి ప్రతివాళ్ళూ గుప్పిట్లో రహస్యంగా ఒక గింజో, మూడు గింజలో పెట్టుకుని ఒకేసారి తెరవాలి. ఒకటి అంటే కొర్రో, ఉలవో, 2 రూపాయలు వస్తాయి. మూడంటే వరి, 5 రూపాయలు. తర్వాత ఐదు గవ్వలు వేస్తాం. వెల్లకిలా పడిన ప్రతి గవ్వకూ రెండేసి గింజలు బోరులోకి తిరిగి వస్తాయి. అది వాన. గింజలు 20 కన్నా తగ్గితే బోరు దింపుకోవాలి, మనిషికి 20 రూపాయలు. కట్టలేని వాళ్ళు ఆట వదిలి బెంగళూరుకు కూలికి పోవాలి. ఎన్నేళ్ళ ఆటో ముందు చెప్పను. వాన మనకి చెప్పి వస్తుందా?

మొదటిసారి మా ఊరి సంఘం మీటింగు అయ్యాక ఐదుగురు కూర్చున్నారు. మాట్లాడుకోకూడదని చెప్పాను. మొదటి ఏడు నలుగురు మూడేసి తీశారు, ఒక పెద్దావిడ మాత్రం ఒకటే తీసింది. 13 గింజలు పోయాయి, గవ్వలు రెండే పడ్డాయి, 41. రెండో ఏడు ఆ పెద్దావిడ కూడా మూడు తీసింది. "ఏమత్తా, ముందు ఒకటే తీశావు కదా" అన్నాను. "పక్క చేనోళ్ళంతా వరి ఏసినంక నేనొక్కదాన్ని మిగిలిస్తే ఎవురికి మిగిలినట్టు పాపా?" అంది. ఇంత సూటిగా చెప్పిన మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆ ఏడు ఒక్క గవ్వే పడింది, 28. మూడో ఏడు అందరూ మళ్ళీ మూడేసి తీశారు. గవ్వలు మూడు పడినా బోరులో మిగిలింది 19. గీతకు ఒక్క గింజ తక్కువ.

బోరు దింపడానికి ఒక్కరి దగ్గరా 20 రూపాయలు లేవు. నిబంధన ప్రకారం అందరూ కూలికి పోవాలి. అప్పుడు ఒకావిడ నా ముఖం వైపు జాలిగా చూసి, "బంగారం తాకట్టు పెట్టకుండా బోరు యాడ ఏస్తారు పాపా?" అంటూ చేతికున్న గాజు తీసి పలక పక్కన పెట్టింది. "ఇదో, ఇది బంగారు గాజనుకో. పదిచ్చేయ్." మిగతా నలుగురూ తీశారు. ఆ రోజు నుంచి నా ఆటలో ప్రతివాళ్ళకీ ఒక గాజు ఉంటుంది. తాకట్టుకు 10 రూపాయలు, విడిపించుకోవడానికి 15. ఒక్కసారే పెట్టొచ్చు.

ఆ గాజులు బల్ల మీదికొచ్చాక అంతవరకూ నవ్వులాటగా ఉన్నది కాస్తా మారిపోయింది. ఏ ఆటలో ఎవరి గాజు పోయిందో వాళ్ళకి రెండు నెలల తర్వాత కూడా గుర్తుంది.

రెండోసారి మాట్లాడుకోనిచ్చాను. ముందు వాళ్ళు మార్చింది గవ్వల వరస. "వాన చూడకుండా ఎవురైనా విత్తుతారా? ముందు గవ్వలెయ్యి, ఆమీద పైరు పెడతాం" అన్నారు. గవ్వలు మూడో నాలుగో పడితే ఇద్దరు వంతులవారీగా వరి పెట్టుకోవాలి, తక్కువ పడితే అందరూ ఒకటే. ఎనిమిదేళ్ళు ఆడినా గీత దగ్గరికి పోలేదు. మధ్యలో ఒకావిడ వంతు తప్పి మూడు తీస్తే పెద్ద గొడవే అయింది లెండి. ఆవిడ ఇంకో గుప్పిట్లో దాచిన రెండు గింజలు వెనక్కి పెట్టేదాకా ఆట సాగనివ్వలేదు.

ఈ వాన చూసి పైరు పెట్టే పద్ధతి మా జిల్లాకు కొత్తదేం కాదు. 2003 నుంచి కొన్నేళ్ళపాటు అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే బావుల్లో నీటిమట్టం కొలుచుకుని, వానమానిని చూసుకుని, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీళ్ళ బడ్జెట్ వేసుకున్న ప్రాజెక్టు నడిచింది. సబ్సిడీ లేదు, హుకుం లేదు, లెక్క చూసుకుని ఎవరి పైరు వాళ్ళే నిర్ణయించుకున్నారు. ఆ లెక్కల్లో ఆడవాళ్ళు కూడా కూర్చున్నారు. మా సంఘం వాళ్ళు చింతపిక్కలతో చేరిన చోటు అదే కావడం నాకు భలే సంతోషమనిపించింది.

మూడోసారి ఆడుతుంటే మగవాళ్ళు కూడా చుట్టూ చేరారు. నా ఆటలో గుప్పిట ఎందుకు పెట్టానో ఆ రోజు పనికొచ్చింది. ఒకాయన భార్య వెనక నిలబడి "మూడు తీయి, మూడు" అని గొణుగుతూనే ఉన్నాడు. ఆవిడ తల ఊపింది. గుప్పిట తెరిస్తే ఒకటే గింజ.

"నేను చెప్పింది ఇనపళ్ళేదా?" అన్నాడు, నవ్వుతూనే.

"ఇనపడింది."

"ఇంట్లో అయితే ఇట్ల జేస్తావా?"

"ఇంట్లో నన్నెవురడిగినారు?" అంది ఆవిడ.

ఎవరూ నవ్వలేదు. గవ్వలు వేయాల్సిన అమ్మాయి కూడా కాసేపు వేయలేదు. మార్కుల కోసం నేను రాసిన నివేదికలో ఈ ఒక్క సంగతి ఎక్కడ పెట్టాలో తోచక, చివరికి మొదటి పేజీలోనే పెట్టాను.

ఫోనులో ఆడితే

కాలేజీకి ఇచ్చే ప్రాజెక్టులో కంప్యూటరు భాగం ఉండి తీరాలి. అందుకని అదే ఆటకు ఫోను రూపం కూడా చేశాను. దానివల్ల ఒక మంచి జరిగింది. పొలాన్ని నిలువునా కోసినట్టు చూపి, రాతి నెర్రెలో ఒకరి బోరు తోడుతుంటే పక్కవాళ్ళ బోరులో నీరు దిగిపోవడం కదిలే బొమ్మగా పెట్టాను. పలక మీద అది చూపలేం. మా నాయన ఆ బొమ్మను నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాడు, ఏమీ అనలేదు.

కానీ ఆడేతీరు వేరయింది. ఇంటర్ చదివే పిల్లల చేతికిస్తే, తెర మూల రూపాయల అంకె కనిపించగానే ఎవరు ముందు ఎక్కువ తోడేస్తారా అని పరుగు పెట్టారు. ఎదుటివాళ్ళ ముఖం కనిపించదు, కాబట్టి మొహమాటం లేదు. బోరు ఎండితే ఒక్క వేలితో మళ్ళీ మొదలు. 'మళ్ళీ ఆడు' అనే మీట లేని ఆటను ఫోనులో చేయడం ఎంత కష్టమో ఈ రంగంలో ఉన్నవాళ్ళకి తెలుసు. మనిషిని తిరిగి తిరిగి రప్పించడమే ఆ వ్యాపారానికి ప్రాణం. నన్నడిగితే పెద్దవాళ్ళకి పలకే మేలు, ఫోను బడికి చాలు. మా గైడు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

ఆట వల్ల మా ఊళ్ళో ఏమైనా మారిందా అని అడుగుతారు. ఏ పైరూ మారలేదు. చీనీ తోట ఐదారేళ్ళు బిడ్డలా పెంచినవాళ్ళని చెట్టు తీసెయ్యమని ఏ ఆటా చెప్పలేదు, చెప్పకూడదు కూడా. కొత్తగా వచ్చింది ఒక నోటుబుక్కు. సంఘం పెట్టెలో, పొదుపు లెక్కల కింద, ఎవరి మోటారు ఎన్ని గంటలు పోస్తోందో, ఎన్ని గంటలకు ఆగిపోతోందో నెలకోసారి రాస్తున్నారు. ఎవరింట్లోనైనా కొత్త బోరు అప్పు కోసం సంతకం పెట్టమంటే ముందు ఆ పుస్తకం తీసి చూద్దామని అనుకున్నారు. ఇంతవరకూ ఇద్దరు చూశారు. ఒకరు సంతకం పెట్టారు, ఒకరు పెట్టలేదు. పెట్టనావిడ ఇంట్లో ఇప్పటికీ మాటల్లేవు.

పలకా గింజలూ సంఘం దగ్గరే ఉంచేశాను. పోయిన నెల ఫోన్ చేసి మగవాళ్ళ కోసం ఇంకో సెట్టు కావాలన్నారు, రచ్చబండ దగ్గర పెడతారట. "ఇంగ మర్చిపోవద్దు, అందులో కూడా గాజులు పెట్టు" అంది సంఘం లీడరు.

"మగవాళ్ళకి గాజులెందుకక్కా?"

"తాకట్టుకు తీసకపొయ్యేది వాళ్ళే గదా పాపా."